శాలువా ఇచ్చి వెళ్లిపోయిన ఆవిడకు, మాకు తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

గత వారాంతంలో అక్కాచెల్లెళ్లం ఇద్దరమే సరదాగా ఒక నగరం చూసి రావడానికి వెళ్లాము. ఆ యాత్రలో ముక్కూమొహం తెలియని ఒకావిడ మాకు చేసిన మేలుకు, ఆవిడ పేరు గానీ ఊరు గానీ తెలియనందువల్ల, ఇలా నలుగురి ముందు కృతజ్ఞతలు చెప్పుకోవడం తప్ప నాకు మరో దారి లేదు. నిన్ననే ఇల్లు చేరాము. ఒంట్లో అలసట తీరలేదు, రాత్రి నిద్ర కూడా సరిగా పట్టలేదు. అయినా ఆలస్యమయ్యే కొద్దీ వివరాలు చెరిగిపోతాయన్న భయంతో ఇప్పుడే రాయడానికి కూర్చున్నాను. చెల్లెలి ఆరోగ్యం గురించి ఇక్కడ రాస్తున్నది తన అనుమతితోనే. "ఏదీ దాచకుండా రాయి అక్కా, ఆవిడ చదివితే ఇది మన గురించేనని గుర్తుపట్టాలి" అని తనే అన్నది.

పెళ్లిళ్లయి, ఉద్యోగాల వల్ల వేరు వేరు ఊళ్లలో స్థిరపడిన తరువాత మేము కలుసుకున్నదంతా ఏదో ఒక ఇంటి పని మధ్యనే. మాట మొదలుపెట్టడమే గానీ పూర్తి చేసిన సందర్భం లేదు. ఈ లోపల ఎవరో పిలుస్తారు, లేచి వెళ్లాలి. అందుకే ఈసారి పిల్లలను ఇళ్ల దగ్గర వదిలి, ఎవరి పనీ నెత్తిన పెట్టుకోకుండా, ఇద్దరమే వెళ్లాలని పట్టుబట్టి వెళ్లాము. శనివారం ఎంత సంతోషంగా గడిచిందో ముందుగా చెప్పాలి, ఎందుకంటే ఆ మరునాడు జరిగినది ఆ సంతోషాన్ని కమ్మేయడం మా ఇద్దరికీ ఇష్టం లేదు. రెండంతస్తుల బస్సులో పైన ముందు వరుసే కావాలని వచ్చిన బస్సులను వదిలేసి మరీ వేచి ఉన్నాము. చిన్నప్పటి ఒక ఫొటోలో నిలబడినట్టే వంతెన మీద నిలబడి, దారిన పోయే వారిని అడిగి ఫొటో తీయించుకున్నాము. పాత వీధుల్లో ఏ మలుపు తిరగాలో వాదించుకుంటూ నడిచి నడిచి, ఇద్దరమూ అనుకోని ఒక తోటలో తేలాము. అక్కడ చెట్టు కింద బల్ల మీద చెప్పులు విడిచి కూర్చుని, ఎన్నో ఏళ్లుగా సగంలో ఆగిపోయిన మాటలను చీకటి పడేదాకా పూర్తి చేసుకున్నాము.

చెల్లెలికి చిన్నప్పటి నుంచి మూర్ఛ వ్యాధి ఉన్నది. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఉన్న జబ్బు ఇది. సరైన సమయంలో జబ్బును గుర్తించి మందులు వాడితే వారిలో 70 శాతం వరకు ఫిట్స్ లేకుండా జీవించగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చెల్లెలు కూడా చాలా కాలంగా అలాగే ఉన్నది, ఉద్యోగం చేస్తున్నది, పిల్లలను పెంచుతున్నది. మాత్ర తప్పినా, నిద్ర తగ్గినా ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది గనుక, ఎన్ని కబుర్లు మిగిలి ఉన్నా రాత్రి తన వేళకు దీపం ఆర్పేశాము. ఒక సంచి పోయినా ఇబ్బంది కలగకుండా మాత్రలను ఇద్దరి సంచుల్లోనూ పెట్టుకున్నాము. అన్నీ సక్రమంగా పాటించినా ఒక్కొక్కసారి వస్తుందని, కారణం కోసం ఒకరినొకరు ప్రశ్నించుకోవద్దని ఆసుపత్రిలో డాక్టరు కూడా చెప్పారు. ఈ జబ్బు ఉన్నవారిని ఇలాంటి ప్రయాణాలకు తీసుకువెళ్లడమే తప్పు అనే వారి మాటలు మా చెల్లెలు చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నది కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను. అది తప్పు కాదు. మేము మళ్లీ వెళ్తాము.

ఆదివారం మ్యూజియంలో, శిల్పాల గది నుంచి పై అంతస్తుకు వెళ్లే మెట్ల దగ్గర, చెల్లెలు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. కుడి చేయి బిగుసుకున్నది. నేను పట్టుకునే లోపలే ముందుకు పడింది, గడ్డం మెట్టు అంచుకు తగిలి చిట్లింది. చూస్తుండగానే చుట్టూ జనం మూగారు. ఒకరు నోట్లో చెంచా పెట్టమంటారు, ఒకరు కాళ్లూ చేతులూ గట్టిగా అదిమి పట్టుకోమంటారు, మరొకరు నీళ్లు పట్టించమంటారు. ఈ మూడూ చేయకూడనివే. ఫిట్స్‌లో మనిషి నాలుకను మింగేయడమన్నది జరగదు. నోట్లో గట్టి వస్తువు పెడితే పళ్లు విరగవచ్చు, అదిమి పట్టుకుంటే కండరాలకో కీళ్లకో దెబ్బ తగలవచ్చు, తెలివి లేని మనిషికి నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇదంతా నాకు తెలుసు, కానీ నేను ఒక్కదాన్ని. తల కింద చేతులు పెట్టుకుని కూర్చుంటే జనాన్ని ఆపలేను, లేచి జనాన్ని ఆపుదామంటే ఆ తల రాతి నేలకు కొట్టుకుంటుంది. ఇద్దరే వెళ్లిన ప్రయాణంలో ఒకరు పడిపోతే రెండో మనిషికి ఎన్ని చేతులున్నా చాలవు.

అప్పుడు ఆవిడ వచ్చారు. యాభై దాటిన వయసు ఉంటుంది, కళ్లజోడు తాడుకు కట్టి మెడలో వేసుకున్నారు, వెంట ఎవరూ లేరు. కేకలు వేయలేదు. నా ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, తన గుడ్డ సంచిలోని వస్తువులు నేల మీద గుమ్మరించి, ఆ సంచిని మడత పెట్టి చెల్లెలి తల కిందకు తోసి, "మొదలై ఎంతసేపయింది?" అని అడిగారు. ఒక నిమిషం అయి ఉంటుందని చెప్పాను. "అయితే మీరు గడియారం చూస్తూ ఉండండి. అయిదు నిమిషాలు దాటేలా ఉంటే చెప్పండి, అంబులెన్సును పిలిపిద్దాము. మిగతావి నేను చూసుకుంటాను" అన్నారు. 5 నిమిషాలు దాటినా ఆగని ఫిట్స్ అత్యవసర పరిస్థితి కిందకు వస్తుందని తెలిసిన వారే అలా మాట్లాడగలరు. అంతకన్నా ముఖ్యంగా, ఆవిడ నాకొక పని అప్పగించారు. ముల్లు కదులుతూ ఉంటే దాన్ని చూస్తూ నేను ఊపిరి పీల్చుకోగలిగాను.

ఆ తరువాత ఆవిడ చేసిన పనిని తలుచుకుంటే ఇప్పుడు రాస్తూ కూడా కళ్లు తుడుచుకోవలసి వస్తున్నది. ఫిట్స్ సమయంలో మూత్రం మీద అదుపు తప్పడం ఎవరికైనా జరిగేదే. చెల్లెలి బట్టలు తడిసిపోయాయి. అప్పటికే జనంలో కొందరు సెల్‌ఫోన్లు పైకెత్తారు. ఆవిడ ఎవరినీ తిట్టలేదు, ఎవరి చేతిలోని ఫోనూ లాక్కోలేదు. దగ్గరగా ఉన్న ఆడవాళ్లను ఒక్కొక్కరినే భుజం తట్టి పిలిచి, "మీరు ఇక్కడ, మీరు ఇటు పక్కన, ముఖం అటు, వీపు ఇటు" అని చెప్పి, చెల్లెలి చుట్టూ గుండ్రంగా నిలబెట్టారు. మరుక్షణం మాకు వాళ్ల వీపులు తప్ప ఒక్క ముఖం కూడా కనిపించలేదు. అప్పుడు తన భుజాల మీది శాలువా తీసి చెల్లెలి నడుము నుంచి పాదాల దాకా కప్పారు. చెల్లెలి ఒంటికి దెబ్బ తగలకుండా చూడటం నేను చేయగలిగేదాన్నేమో గానీ, తన పరువుకు దెబ్బ తగలకుండా కాపాడవచ్చునన్న ఆలోచన ఆ క్షణంలో ఆవిడకు తప్ప అంతమందిలో మరెవరికీ రాలేదు.

మూడో నిమిషం దాటాక కుదుపులు ఆగాయి. వెంటనే ఇద్దరమూ చెల్లెలిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాము. నోటిలోని చొంగ, రక్తం గొంతులోకి జారకుండా ఉండాలంటే అలాగే చేయాలి. కుదుపులు ఆగినంత మాత్రాన మనిషి వెంటనే తేరుకోరు. చెల్లెలు కళ్లు తెరిచి "నేనెక్కడ ఉన్నాను?" అని అడిగింది, జవాబు విన్న తరువాత మళ్లీ అదే అడిగింది. అడిగిన ప్రతిసారీ ఆవిడ విసుగు లేకుండా, అవే మాటలు అంతే నెమ్మదిగా చెప్పారు: "మ్యూజియంలో ఉన్నారు. మీ అక్కయ్య ఇక్కడే ఉన్నారు. గడ్డానికి చిన్న దెబ్బ తగిలింది. అయిపోయింది, ఇక భయం లేదు." లేచి కూర్చున్నాక, శాలువాను తనే నడుముకు చుట్టి, పక్కగా అందంగా ముడి వేసి, "ఈ రంగు మీకు బాగా నప్పింది, ఉంచేసుకోండి" అన్నారు. చెల్లెలు నవ్వింది. ఇన్నేళ్లలో ఫిట్స్ వచ్చి తేరుకున్నాక తను మొదట చూసేది మా భయపడిన ముఖాలనే. ఈసారి మొదట చూసింది తనను మెచ్చుకుంటున్న ముఖాన్ని. మీరు డాక్టరా అని నేను అడిగితే, "కాదమ్మా, నేర్చుకున్నాను" అని మాత్రం అన్నారు.

ఆ మ్యూజియం పేరు ఇక్కడ రాయను గానీ, అక్కడి ఏర్పాట్ల గురించి రాయకుండా ఉండలేను. ప్రథమ చికిత్స గది ఉన్నది, తలుపు మీద బోర్డు కూడా ఉన్నది, కానీ తాళం వేసి ఉన్నది. అందులో ఉండవలసిన ఉద్యోగికి శని, ఆదివారాలు సెలవు. జనం ఎక్కువగా వచ్చేదే ఆ రెండు రోజులు కదా! కిందకు దించడానికి లిఫ్టు తెరవమంటే పై అధికారి అనుమతి కావాలన్నారు; నెత్తురు కారుతున్న మనిషి పక్కన నిలబడి ఆ అధికారి ఫోను ఎత్తేదాకా ఎదురు చూశాము. ఆసుపత్రిలోనూ అంతే. గాయానికి కుట్లు వేయాలంటే ముందు వెంట వచ్చిన వారు కౌంటరు దగ్గర వరుసలో నిలబడి కాగితాలు నింపాలట. ఇంకా మత్తు వదలని మనిషిని బల్ల మీద ఒంటరిగా ఎలా వదలాలి అని అడిగితే, "ఇంకెవరూ రాలేదా?" అన్నారు. ఇద్దరే వచ్చిన వారు, ఒంటరిగా వచ్చిన వారు ఏమి చేయాలో ఆ నిబంధన రాసిన వారు ఆలోచించలేదు. తల కింద మెత్తగా ఏదైనా పెట్టడం, సమయం చూడటం, పక్కకు తిప్పడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం: ఈ నాలుగు ముక్కలు కాపలా సిబ్బందికి నేర్పడానికి పెద్ద ఖర్చేమీ కాదు. దయచేసి నేర్పించండి. ఆదివారం కూడా ఆ గది తలుపు తెరిచి ఉంచండి.

ఇంకెవరూ రాలేదా అన్న ప్రశ్నకు మా దగ్గర జవాబు ఉన్నది, ఎందుకంటే ఆవిడ మాతోపాటే టాక్సీ ఎక్కి వచ్చారు. నేను వరుసలో నిలబడినంతసేపూ చెల్లెలి పక్కన కూర్చుని చేయి పట్టుకున్నారు. నేను తిరిగి వచ్చేసరికి ఇద్దరూ శిల్పాల గురించి మాట్లాడుకుంటున్నారు. చెల్లెలిని లోపలికి పిలిచినప్పుడు, మ్యూజియం టికెట్టు వెనుక పెన్సిలుతో రాసిన నాలుగు వాక్యాలను నా చేతిలో పెట్టారు. ఫిట్స్ ఎన్ని గంటలకు ఆగింది, ఏ చేయి ముందుగా బిగుసుకున్నదని నేను చెప్పాను, ఎంతసేపటికి తన పేరు చెప్పగలిగింది, తల నేలకు తగిలిందా లేదా. దాన్ని చదివిన డాక్టరు, చాలామంది వెంట వచ్చి కూడా ఈ వివరాలు చెప్పలేరని, ఇవి తెలిస్తే అనవసరమైన పరీక్షలు తగ్గుతాయని అన్నారు. కుట్లు వేయించి బయటికి వచ్చేసరికి ఆవిడ లేరు. తన వారాంతంలో ఒక మధ్యాహ్నమంతా మాకు ఇచ్చేసి, వందనం చేసే అవకాశం కూడా మాకు ఇవ్వకుండా వెళ్లిపోయారు.

ఆ రాత్రి బస చేసిన గదిలో చెల్లెలు అద్దంలో గడ్డం చూసుకుని, శనివారం తీయించుకున్న వంతెన ఫొటో తెరిచి, మొత్తం మీద ఈ యాత్ర బాగుందని అన్నది. ఊరికే నన్ను ఊరడించడానికి అనలేదు. సోమవారం తిరుగు ప్రయాణానికి ముందు కాస్త సమయం చిక్కితే మళ్లీ ఆ రెండంతస్తుల బస్సే ఎక్కాలన్నది. మెట్లు ఎక్కకుండా కింది అంతస్తులోనే కిటికీ పక్కన కూర్చుని, చూడకుండా మిగిలిపోయిన వీధులన్నీ చూశాము. ఆదివారం ఆ మెట్ల దగ్గర మరో విధంగా గడిచి ఉంటే, మా చెల్లెలు ఇక ఇల్లు దాటి రానని అనేది. చిన్నతనంలో ఒకసారి బడిలో జరిగిన అవమానం తరువాత తను ఎంత కాలం గడప దాటలేదో నాకు తెలుసు. ఆవిడ వల్ల ఈసారి అలా జరగలేదు.

విషయం తెలిసిన వెంటనే సెలవు పెట్టి పిల్లలను చూసుకున్న మా వారికి, రైలు దిగే సమయానికి స్టేషనుకు వచ్చిన మరిదిగారికి, అమ్మకు, నాన్నకు కృతజ్ఞతలు. వారికి వేరే చెప్పనవసరం లేదు.

అమ్మా, మీరు ఎక్కడున్నా ఇది మీ కంటపడాలని కోరుకుంటున్నాను. మీ గుడ్డ సంచి కూడా మా దగ్గరే ఉండిపోయింది. నెత్తురు మరక పోయేలా ఉతికి ఉంచాము. శాలువాను మాత్రం తిరిగి ఇవ్వనని, మీరే ఇచ్చారని చెల్లెలు అంటున్నది. మీరు నేర్చుకున్నానన్న విద్యను నేనూ పద్ధతిగా నేర్చుకోవాలని ప్రథమ చికిత్స తరగతిలో పేరు నమోదు చేయించుకున్నాను, చెల్లెలు పనిచేసే చోట కూడా ఆ తరగతి పెట్టించాలని తను అడగబోతున్నది.

ఇంకా కొందరిని మరిచిపోయాను. వీపు తిప్పి నిలబడిన ఆ ఆడవాళ్లందరికీ కృతజ్ఞతలు. మీ ముఖాలు మేము చూడలేదు. అనుమతి కోసం ఎదురు చూస్తుండగా ఎక్కడి నుంచో చక్రాల కుర్చీ వెతికి తెచ్చిన కాపలా కుర్రవాడికి కృతజ్ఞతలు, ఇంతకు ముందు నేను రాసిన ఫిర్యాదు అతని మీద కాదు. టాక్సీ సీటుకు మరక అంటినా ఒక్క మాట అనకుండా నెమ్మదిగా నడిపిన డ్రైవరు గారికి, ఆదివారం రాత్రి మూసే వేళకు కూడా తలుపు తీసి మాత్రలు ఇచ్చిన మందుల దుకాణం వారికి, మేము అడగకుండానే గదిని కింది అంతస్తుకు మార్చిన బస నిర్వాహకులకు కృతజ్ఞతలు. సోమవారం రైలులో కింది బెర్తు మాకు వదిలి పైకి ఎక్కిన విద్యార్థికి కూడా. ఆమె పేరు అడిగాను, చెప్పింది కూడా, అలసటలో మరిచిపోయాను. ఇది చదివితే ఏమీ అనుకోవద్దమ్మా.