నెలల తరబడి కడగకుండా ఎండలో ఉంచిన ఫిల్మ్ రోల్ గురించి ఫిర్యాదు

మేనేజర్ గారికి,
ఫిల్మ్ ల్యాబ్, చెన్నై.

విషయం: నా బ్లాక్ అండ్ వైట్ రోల్‌ను సకాలంలో కడగకుండా పాడుచేసి, ఆ తప్పును నా కెమెరా మీదకు నెట్టడం.

అయ్యా,

సంక్రాంతి సెలవులయ్యాక మీ కౌంటర్లో ఒక 35 ఎంఎం రోల్ ఇచ్చాను. ఇల్‌ఫర్డ్ పాన్ ఎఫ్ ప్లస్, 50 ఐఎస్ఓ, అంటే వెలుతురు ఎక్కువ కావలసిన స్లో ఫిల్మ్. వారంలో కడిగి స్కాన్లు పంపుతామని రసీదు మీద రాసిచ్చారు. ఆ తర్వాత ఎప్పుడు అడిగినా ఒకటే మాట: "బ్యాచ్ నిండలేదు సార్, ఇలాంటివి ఇంకో రెండు మూడు రావాలి." పోనీ తిరిగిచ్చేయండి అంటే, "రేపే ట్యాంకులో వేస్తున్నాం" అన్నారు. చివరికి అగ్ని నక్షత్రం, అంటే మే నెల మండుటెండలు, వెళ్ళిపోయాక స్కాన్లు వచ్చాయి. అన్నాళ్ళూ నా పేరున్న కవరు మీ వీధి వైపు అద్దాల బీరువాలోనే ఉంది. మధ్యాహ్నం ఎండ నేరుగా పడేది దాని మీదే.

నెగటివ్‌లు పల్చగా, బొమ్మ వెలిసిపోయినట్టు వచ్చాయి. అది చాలదన్నట్టు, "ఎక్స్‌పోజర్ తక్కువైంది, మీ షట్టర్ చెక్ చేయించుకోండి" అని, అంటే నా కెమెరాలోనే వెలుతురు చాలినంత పడలేదని, మీవాళ్ళు మెయిల్ పెట్టారు. నాకు ఒళ్ళు మండింది ఇక్కడే.

ఒకసారి నెగటివ్ అంచులు చూడండి. అక్కడుండే ఫ్రేమ్ నంబర్లు, ఫిల్మ్ పేరు నా కెమెరా వేసినవి కావు. ఫ్యాక్టరీలోనే వెలుతురుతో ముద్రించి పంపుతారు. అవి కూడా వెతికితే గానీ కనపడటం లేదు. వాటికీ నా షట్టరే కారణమా? కడిగే టైమ్ తగ్గినా అంచులు పల్చబడతాయి, ఒప్పుకుంటాను. కానీ అప్పుడు ఎక్కువ దెబ్బ తినేది వెలుతురు భాగాలు, నీడలు కాస్తో కూస్తో నిలబడతాయి. నా నెగటివ్‌లలో కిటికీలు బాగానే నల్లగా పడ్డాయి (నెగటివ్‌లో వెలుతురు నల్లగానే పడుతుంది). తుడిచిపెట్టుకుపోయినవి నీడలు. పైగా అదే రోజు, అదే గదిలో, అదే కెమెరాతో అదే రకం రోల్ ఇంకోటి తీశాం. మా అన్నయ్య దాన్ని వారం తిరక్కుండా ఇంట్లో బాత్రూమ్‌లో కడిగాడు. నీడల్లో వివరాలన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ముఖ్యమైన రోల్ మాత్రం వృత్తివాళ్ళ చేతిలో పడాలని మీకిచ్చాం!

మీకు తెలియని సంగతి కాదు, మీ కౌంటర్లో వాళ్ళ కోసం రాస్తున్నాను. ఫిల్మ్ పూతలో ఉండే సిల్వర్ హాలైడ్ అనే వెండి లవణపు రేణువుకు వెలుతురు తగిలితే, దాని మీద అతి చిన్న వెండి చుక్క ఏర్పడుతుంది. అందులో ఉండేవి కొద్దిపాటి పరమాణువులే. కంటికి కనిపించని ఆ చుక్కలే లేటెంట్ ఇమేజ్. చుక్క ఉన్న రేణువును డెవలపర్, అంటే ఫిల్మ్ కడిగే రసాయనం, పూర్తిగా వెండిగా మారుస్తుంది. కడగకుండా ఉంచేస్తే వేడి, తేమ, గాలిలోని ఆక్సిజన్ కలిసి ఆ చుక్కలను మళ్ళీ విడగొట్టేస్తాయి. తక్కువ వెలుతురు పడ్డచోట చుక్కలు మొదటే చిన్నవి, అందుకే ముందు పోయేవి నీడలు. ఈ విషయంలో అన్ని ఫిల్ములూ ఒకేలా ఓర్చుకోవు. పాన్ ఎఫ్ మరీ సుకుమారం. తీశాక వీలైనంత త్వరగా, మూడు నెలల లోపు కడగమని తయారీ కంపెనీయే చెబుతోంది.

ఫోన్లో మీ టెక్నీషియన్ గారు నాకు చరిత్ర పాఠం కూడా చెప్పారు. ధ్రువ ప్రాంతంలో దొరికిన ఫిల్మ్ ముప్పై ఏళ్ళ తర్వాత కడిగినా బొమ్మలొచ్చాయట. నిజమే. 1897లో బెలూన్‌లో ఉత్తర ధ్రువానికి బయలుదేరి చనిపోయిన స్వీడన్ యాత్రికుడు ఆంద్రే బృందం ఫిల్ములు 1930లో దొరికాయి. 240 ఫ్రేముల్లో 93 దక్కాయి. అవి ఉన్నది మంచులో. మీ బీరువా ఉన్నది చెన్నైలో, అదీ మే నెలలో.

ఆ రోల్‌లో ఉన్నది జార్జ్‌టౌన్‌లో మా పెదనాన్నగారి తెలుగు ప్రెస్సు. కాలితో తొక్కి నడిపే ట్రెడిల్ మెషీన్, సీసపు అక్షరాలుండే అరల టైపు కేసులు, గళ్ళ నిండా ఒత్తులూ గుణింతాలూ. ఆ చీకటి గదిలో స్టాండు వేసి, ఫ్రేముకు కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్ ఇచ్చి తీశాం. సీసపు అక్షరాల అంచులు గ్రెయిన్ (బొమ్మలో కనిపించే గరుకు చుక్కలు) లేకుండా రావాలనే ఇంత స్లో ఫిల్మ్ ఎంచుకున్నాం. ఫిబ్రవరిలో మెషీన్లు తూకానికి పోయాయి, అక్షరాలు కరిగించడానికి పోయాయి. ఇప్పుడక్కడ మొబైల్ కవర్ల గోడౌన్. మీ స్కాన్లో పెదనాన్న తెల్ల చొక్కా ఉంది, ఆయన ముందున్న టైపు కేసు లేదు.

కడగడానికి, స్కాన్లకు కట్టిన డబ్బు మొత్తం వాపసు ఇవ్వండి. నష్టపరిహారం ఎంతిస్తారో మీరే చెప్పండి. రోల్‌ను ఏ తేదీన, ఏ డెవలపర్‌లో, ఎన్ని డిగ్రీల దగ్గర, ఎన్ని నిమిషాలు కడిగారో రాసివ్వండి. వేసవిలో ట్యాంకు నీళ్ళు ఎలా కాగుతాయో తెలిసిందే, వాటిని 20 డిగ్రీలకు దించారో లేదో నాకు తెలియాలి. ఇకమీదట ఎవరి రోల్ అయినా ఆలస్యమైతే గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, లేదా తిరిగిచ్చేయండి.

నష్టం జరిగితే ఖాళీ రోల్ ధర మాత్రమే ఇస్తామని రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంది. వారమని రాసిచ్చి నెలలు నాన్చడాన్ని ఆ వాక్యం కప్పిపుచ్చదు. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపమని జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను.

ఈలోగా ఆ నెగటివ్‌లను మీ పెద్ద స్కానర్‌లో 16 బిట్‌లో (నీడల్లోని సూక్ష్మమైన తేడాలు కూడా పట్టే పద్ధతిలో) ఉచితంగా మళ్ళీ స్కాన్ చేయాలి. నీడల్లో ఏ కాస్త మిగిలినా నాకు కావాలి. వాటి కోసం మీ మనిషిని పంపొద్దు. నేనే తెచ్చి, దగ్గరుండి చేయించుకుని వెంటనే తీసుకెళ్తాను.

ఇట్లు,
మీ కస్టమర్,
మైలాపూర్.
(జత: రసీదు, మెయిల్ నకళ్ళు, రెండు రోల్స్ అంచుల ఫోటోలు)