అతుకు పట్టని ట్యాంకును వెనక్కి తీసుకోండి

పాలకొల్లు,
పశ్చిమ గోదావరి జిల్లా.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: నాలుగడుగుల అక్రిలిక్ చేపల ట్యాంకు వెనక అతుకులో లోపం, మార్చి ఇవ్వడం గురించి.

అయ్యా,

మీ వెబ్‌సైట్‌లో 48,500 రూపాయలు కట్టి కొన్న ట్యాంకు పోయిన నెల 14న పాలకొల్లు పార్సిల్ ఆఫీసుకు చేరింది. దాని గురించి నేను రాస్తున్న మూడో ఉత్తరం ఇది. ముందు రెండింటికీ మీవాళ్ళు ఇచ్చిన జవాబులకు ఒకదానికొకటి పొంతన లేదు. ఒకదాంట్లో అది అసలు లోపమే కాదన్నారు, రెండోదాంట్లో లోపం ఉంది గానీ తప్పు నాదన్నారు. అందుకని ఈసారి ఏం చూశానో, ఎలా చూశానో మొదట్నించీ రాస్తున్నాను. కాస్త ఓపిగ్గా చదవండి.

పార్సిల్ ఆఫీసులోనే చెక్క క్రేటు ముందు ఎడమ మూల విరిగి కనపడింది. ఆ మాట రసీదు మీద రాసి సంతకం పెట్టాకే ట్రాలీ ఆటో ఎక్కించాను. ఇంటికొచ్చాక వరండాలో మా అబ్బాయి మేకులు పీకుతుంటే కోడలు ఫోన్లో వీడియో తీసింది. 22 నిమిషాల వీడియో, మధ్యలో ఎక్కడా ఆపలేదు. క్రేటు విరిగిన వైపు ట్యాంకు పై అంచున బియ్యపు గింజంత పెచ్చు లేచింది. అది దారిలో జరిగిందే. దానికి నేనేం గొడవ పెట్టుకోను, సన్న వాటర్ పేపర్ పట్టి పాలిష్ చేస్తే పోతుంది. పైన బ్రేసింగ్ మీద, అంటే అంచులు ఉబ్బకుండా పట్టి ఉంచే పట్టీ మీద, ఇంకో గీత ఉంటుంది. అది షీట్ల మీద అంటించిన కాగితం పీకేటప్పుడు నా ఉంగరం తగిలి పడింది. దాన్ని మీ మీదకు నెట్టను.

నా ఫిర్యాదంతా వెనక కుడి మూల గురించి. క్రేటు విరిగింది ముందు ఎడమ వైపు, ఇది వెనక కుడి వైపు. ట్రాన్స్‌పోర్టు వాళ్ళను మధ్యలోకి లాగకుండా ఉంటారని ముందే చెబుతున్నాను.

మాకు రొయ్యల చెరువులున్నాయి. రాత్రిళ్ళు రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిపే చెక్ ట్రేలు చూసుకోవడానికి తలకు కట్టుకునే లైటు ఉంటుంది. చీకటి పడ్డాక వరండాలో బల్బులు ఆర్పేసి, ఆ లైటు అతుకుల వెంట ఏటవాలుగా వేసి చూశాను. మిగతా మూడు నిలువు అతుకులూ బాగానే ఉన్నాయి, అబద్ధం ఎందుకాడాలి. రెండు షీట్లు ఎక్కడ కలిశాయో తెలియనంత తేటగా ఉన్నాయి. అక్కడక్కడా ఆవగింజలో సగమంత బుడగలు విడివిడిగా ఉన్నాయి. చేత్తో అతికించే పనిలో అవి మామూలే.

వెనక కుడి అతుకు దగ్గరకు వచ్చేసరికి, అడుగు నుంచి తొమ్మిది సెంటీమీటర్ల ఎత్తు దాకా లోపల వెండి రేకు దూర్చినట్టు తళుక్కుమంది. బుడగైతే గుండ్రంగా ఉంటుంది. ఇది అంచులు వంకరటింకరగా, నేల మీద ఒలికిన పాలలా పరుచుకుని ఉంది. తల అటూ ఇటూ కదిపితే మెరుపు పోతోంది, మళ్ళీ వస్తోంది. అంటే రెండు షీట్ల మధ్య గాలి పొర ఉండిపోయిందన్నమాట. అక్రిలిక్ అంటే ప్లాస్టిక్, దానికి అతుకంటే గాజు ట్యాంకుకు సిలికాన్ పూసినట్టు కాదు కదా. ద్రావకం పోస్తే రెండు అంచులూ కరిగి ఒకే ముక్క కావాలి. ద్రావకం చేరని చోట అక్కడ అతుకే లేదు. స్కేలు పెట్టి కొలిచాను. షీటు మందం 12 మిల్లీమీటర్లు, అందులో 8 మిల్లీమీటర్ల మేర గాలే ఉంది. పట్టుకుని ఉన్నది మిగతా 4 మిల్లీమీటర్లు. అదీ అన్నిటికన్నా అడుగున, నీటి తోపుడు ఎక్కువగా ఉండే చోట.

మర్నాడే, అంటే 15న, మీరు పెట్టిన 48 గంటల గడువు దాటకుండా ఫొటోలూ, వీడియో కూడా పంపాను. మూడు రోజుల తరవాత జవాబొచ్చింది. అది చూపుకు మాత్రమే సంబంధించిన లోపమనీ, నీళ్ళు పోసి చూసి కారితేనే ఫిర్యాదు చెయ్యమనీ అన్నారు. అదే రోజు ఫోన్ చేసిన కుర్రాడైతే అతుకును స్పిరిట్‌తో తుడిచి చూడమన్నాడు. మర్యాదగా మాట్లాడాడు, అతన్ని ఏమీ అనకండి. కానీ ఆల్కహాల్ తగిలితే అక్రిలిక్ మీద జుట్టులాంటి పగుళ్ళు వస్తాయి. ఆ హెచ్చరిక మీరు ట్యాంకుతో పంపిన పుస్తకంలోనే ఉంది. అతనికి ఒక కాపీ ఇప్పించండి.

సరే, మీరు చెప్పినట్టే చేశాను. మా తాపీమేస్త్రీని పిలిచి స్టాండు నాలుగు వైపులా రసమట్టం పెట్టించాను. పైన ప్లైవుడ్, దాని మీద థర్మోకోల్ షీటు వేసి ట్యాంకు ఎక్కించాం. అడుగంతా ఆనుకునే ఉంది. మొదటి రోజు 15 సెంటీమీటర్లు నీళ్ళు పోశాను. కారలేదు. రెండో రోజు 30 దాకా పోసి, బయట అతుకు మొదట్లో టిష్యూ కాగితం పెట్టి పడుకున్నాను. తెల్లారి చూస్తే కాగితం మూల చెమ్మగా ఉంది. నీళ్ళు తోడేశాను. మధ్యాహ్నానికి ఆ చోట ఆరిపోయి, షీటు మీద సన్నగా తెల్లటి గీత తేలింది. మా బోరు నీళ్ళు ఉప్పన, డెల్టా చివర చాలా ఊళ్ళలో అంతే. ఆ ఉప్పే మీ అతుకు ఎక్కడ కారుతోందో గీత గీసి చూపించింది. ఫొటో జత చేశాను.

దానికి మీ రెండో జవాబు చదివి కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఉప్పునీళ్ళు పోశాను కాబట్టి వారంటీ వర్తించదట. సముద్రపు చేపలకు కూడా పనికొస్తుందని మీ ప్రకటనలో మీరే రాసుకున్నారు. నీళ్ళు పొయ్యమన్నదీ మీరే. పైగా బయటి నుంచి సిలికాన్ పూసుకోమని, అందుకు 1,500 రూపాయల కూపన్ ఇస్తామన్నారు. సిలికాన్ గాజును పట్టుకున్నట్టు అక్రిలిక్‌ను పట్టుకోదు. నాలుగు రోజులకు గోరు పెట్టి లాగితే రబ్బరులా ఊడొస్తుంది.

కాస్త లెక్క చూడండి. 120 బై 60 బై 60 సెంటీమీటర్ల ట్యాంకు నిండితే 432 లీటర్లు, అంటే 432 కిలోలు. వెనక షీటు ఒక్కదాన్నే నీళ్ళు 216 కిలోల బరువంత బలంతో బయటకు తోస్తుంటాయి. మా 25 కిలోల మేత బస్తాలు ఎనిమిదికి పైనే. చెరువు గట్టుకు అరచేతంత ఊట కనపడితే ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్రుండదు. ఎలుక బొరియే కదా అని వదిలేసిన గట్టు తెల్లారేసరికి గండి పడటం చూసినవాళ్ళం. ఈ ట్యాంకు పెట్టాలనుకున్నది హాల్లో. దాని పక్కనే స్విచ్ బోర్డు, కింద కూర్చుని నాలుగేళ్ళ మనవరాలు బొమ్మలేసుకునే చోటు. మీ కూపన్ తీసుకుని ఆ టెన్షన్ నేను పడలేను.

కాబట్టి కొత్త ట్యాంకు పంపండి, లేదా పూర్తి డబ్బు తిరిగివ్వండి. పాతదాన్ని తీసుకెళ్ళే ఖర్చు మీదే. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మినవాళ్ళు అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలని, నెలలోపు పరిష్కరించాలని కూడా వాటిలోనే ఉంది. మొదటిది ఎలాగూ దాటిపోయింది. రెండోదానికి ఈ నెల 15 దాకా టైముంది. ఆలోపు తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, తరవాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కొన్నవాళ్ళు ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు కనుక నాకు పెద్ద ప్రయాణం కూడా లేదు.

కొత్తది పంపేటట్టయితే, కాగితం అంటించక ముందే నాలుగు నిలువు అతుకులూ, అడుగు అతుకులూ లైటు వేసి ఫొటోలు తీసి నాకు పంపండి. చూసి సరేనన్నాకే క్రేటు కట్టండి.

ట్యాంకు ప్రస్తుతం వరండాలో ఎండ తగలకుండా దుప్పటి కప్పి ఉంది. తీసుకెళ్ళేవాళ్ళు ఇద్దరైనా రావాలి, మా సందులోకి లారీ రాదు. ముందు రోజు ఫోన్ చెయ్యమనండి. ఉదయం పదకొండు దాకా చెరువు మీద ఉంటాను, అక్కడ సిగ్నల్ సరిగా ఉండదు.

ఇట్లు,
మీ కొనుగోలుదారు

జత: బిల్లు, పార్సిల్ రసీదు, అతుకు ఫొటోలు ఆరు, వీడియో, మీ రెండు జవాబుల కాపీలు.