వెలుగుల తోటకు టికెట్టా?

సంపాదకులకు,

సిడ్నీలో 2009లో మొదలైన ‘వివిడ్’ వెలుగుల ఉత్సవంలో ఒపేరా హౌస్ పైకప్పు మీది కాంతిచిత్రాలను అందరూ ఉచితంగా చూస్తుండగా, 1816 నాటి రాయల్ బొటానిక్ గార్డెన్‌లోని ‘లైట్‌స్కేప్’ ప్రదర్శనకు మాత్రం 2023లో టికెట్టు పెట్టడం ఇక్కడ నివసించే నాకు సమంజసంగా తోచలేదు. పగలు ఎవరైనా రుసుము లేకుండా తిరిగే తోట అది. మహావృక్షాల మొదళ్ల మీద రంగులు పాకుతుంటే, బెరడులోని ప్రతి ముడతా కనిపించే ఆ దృశ్యం పేదింటి పిల్లలకూ దక్కాలి. నిర్వహణ వ్యయాన్ని నేను కాదనడం లేదు. కనీసం వారానికొక సాయంత్రం ఉచిత ప్రవేశం కల్పించవచ్చు కదా! మన హైదరాబాద్, విశాఖ ఉద్యానవనాల్లో ఇటువంటి ఉత్సవం తలపెట్టేవారు ఈ సంగతి గమనించాలి. పక్షుల గూళ్లున్న చెట్ల జోలికి దీపాలను పోనివ్వకూడదని కూడా మనవి.

– ఒక పాఠకురాలు, సిడ్నీ