ఆపరేషన్ అయితేనే ఉచితమా? వైద్యారోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రిగారికి నమస్కారములు.

అపెండిసైటిస్‌ను, అంటే పెద్దపేగుకు అంటుకుని ఉండే అపెండిక్స్ అనే చిన్న గొట్టం వాచడాన్ని, మన ఊళ్లలో ఇరవై నాలుగు గంటల నొప్పి అంటారు. గత వానాకాలంలో ఒక రాత్రి మా చిన్నమ్మాయికి బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి తెల్లవారేసరికి పొత్తికడుపు కుడివైపుకు దిగింది. జిల్లా కేంద్రంలోని ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకుపోతే, సర్జన్ గారు చేత్తో నొక్కి చూసి, రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ చేయించి, స్కానులో అపెండిక్స్ సరిగ్గా కనిపించనందున ఒక రోజు ఉంచి చూద్దామన్నారు. మర్నాటికి నొప్పి తగ్గింది, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. అది మంచి వైద్యం. ఆయన మీద నాకే ఫిర్యాదూ లేదు.

ఫిర్యాదంతా బిల్లు గురించే. గది అద్దె, స్కాను, రెండుసార్లు రక్తపరీక్ష, సెలైన్లు, డాక్టరు రౌండ్లు, ఆఖరికి గ్లౌజులు. "ఆపరేషన్ అయ్యుంటే ఆరోగ్యశ్రీలో పెట్టేవాళ్లం సార్, కాలేదు కదా" అని కౌంటరులోని అబ్బాయి మర్యాదగానే చెప్పాడు. బిడ్డకు కోత తప్పినందుకు సంతోషించాల్సిన తండ్రిని ఆ మాట ఒక్క క్షణం లెక్కలు వేసుకునేలా చేసింది.

ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వైద్యఖర్చుల పరిమితిని మీ ప్రభుత్వం 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచింది. జాబితాలోని చికిత్స కోసం వచ్చి, చివరికి అది అవసరం లేదని తేలినవారికి ఔట్‌పేషెంట్ పరీక్షలు ఉచితంగా చేయాలని కూడా పథకంలో ఉంది. కానీ రాత్రంతా మంచం మీద ఉంచి కనిపెట్టడాన్ని ఔట్‌పేషెంట్ అనరు, ఆపరేషనూ అనరు. మాలాంటివారు ఆ సందులోనే పడిపోతున్నాం.

ఈ జబ్బులో అసలు ఖర్చంతా అనుమానం దగ్గరే ఉంది. నొప్పి కదిలిన తీరు, వాంతులు, జ్వరం, తెల్ల రక్తకణాల సంఖ్య వంటివాటికి పది మార్కులు వేసే అల్వరాడో పద్ధతి 1986 నుంచి వైద్యుల చేతిలో ఉంది. నాలుగు దాటనివారిలో చాలామందిని ఇంటికి పంపవచ్చు, ఏడు గానీ అంతకు మించి గానీ వస్తే సర్జన్ సిద్ధమవుతారు. అయిదు, ఆరు దగ్గర ఆగినవారికే స్కాను మీద స్కాను. ఆడపిల్లల్లో అండాశయపు తిత్తి, మరికొందరిలో మూత్రనాళంలో రాయి ఇదే నొప్పిని నటిస్తాయి గనుక ఆ పరీక్షలు వృథా కావు. ఆలస్యమైతే అపెండిక్స్ పగిలే ప్రమాదమూ ఉంది. ప్రభుత్వం ఉచితంగా పరీక్షలు చేయించే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ మేలైన ఏర్పాటే గానీ, నమూనా హబ్‌కు (కేంద్ర ల్యాబ్‌కు) వెళ్లి ఫలితం వచ్చేదాకా ఆగే నొప్పి కాదిది.

కోతకు డబ్బిచ్చి, కనిపెట్టుకుని ఉండడానికి ఇవ్వకపోతే రోగీ, ఆస్పత్రీ కోత వైపే మొగ్గుతారు. కాబట్టి అపెండిసైటిస్ అనుమానంతో చేరినవారికి మొదటి 24 గంటల పరిశీలన, రక్తపరీక్షలు, ఒక స్కాను కలిపి ఆరోగ్యశ్రీలో విడిగా ఒక ప్యాకేజీ పెట్టించవలసిందిగా, ఏరియా ఆస్పత్రుల్లో రాత్రిపూట కూడా అల్ట్రాసౌండ్ చేసేవారిని ఉంచవలసిందిగా కోరుతున్నాను. ధరలను స్థానిక భాషలో కనబడేచోట పెట్టాలని ఆస్పత్రులు, క్లినిక్కుల కోసం చేసిన 2012 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నిబంధనలు చెబుతున్నాయి. మేము వెళ్లినచోట అలాంటి బోర్డు నా కంటపడలేదు.

మా బిల్లు నకలును ఈ లేఖకు జతచేస్తున్నాను. ఆ ఒక్క ఆస్పత్రి మీద చర్య నేను కోరడం లేదు గనుక పేరు కొట్టివేశాను.

ఇట్లు,
ఒక తండ్రి