ఆలుగడ్డ విత్తనానికి పదిహేను రోజుల గడువు ఇప్పించండి

గౌరవనీయులైన తెలంగాణ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

జహీరాబాద్ ప్రాంతపు ఆలుగడ్డ రైతు నమస్కరించి రాయునది.

మాకు పంట చేతికొచ్చేది జనవరి, ఫిబ్రవరిలో. మళ్ళీ నాటేది అక్టోబరు, నవంబరులో. నడుమ మండువేసవి ఉంది కనుక మా గడ్డను మేమే విత్తనానికి దాచుకోలేం. దాచినా, పేనుబంక అనే రసం పీల్చే చిన్న పురుగు అంటించిన వైరస్ గడ్డలోనే ఉండి ఏటికేడు పెరుగుతుంది. పంజాబ్‌లోనైతే పేనుబంక ముమ్మరం కాకముందే విత్తనపు పైరు కొమ్మలు కోసేస్తారు. ఉత్తరాది లారీల కోసం మేం ఎదురుచూసేది అందుకే.

గత ఏడాది నేను కొన్న సంచులకు ధ్రువీకరణ చీటీ లేదు. అదను దాటిపోతోందన్న భయంతో లారీ దిగిన మర్నాడే గడ్డలను ముక్కలుగా కోయించి నాటించాను. శీతల గిడ్డంగిలో 2 నుంచి 4 డిగ్రీల చలిలో నెలల తరబడి ఉన్న గడ్డను కనీసం పది రోజులు, వెలుతురు తగిలే నీడలో పలుచగా పరచాలని నాకు తెలుసు. అప్పుడే పొట్టిగా, గట్టిగా మొలకలు వస్తాయి. కుళ్ళినవీ, మొలక రానివీ అక్కడే ఏరేయవచ్చు. కోసిన ముక్క కూడా ఆరి, కోత మీద పొర కట్టాకే మట్టిలోకి వెళ్ళాలి. వీటిలో దేనికీ వ్యవధి దొరకలేదు. మూడో రోజు వాన పడింది. సాలు తవ్వి చూస్తే ముక్కలు జిగురుగా వేళ్ళకు అంటుకున్నాయి. ఎకరానికి ఏడెనిమిది క్వింటాళ్ళ విత్తనం పడుతుంది. పెట్టుబడిలో పెద్ద వాటా దానిదే.

కొన్ని గడ్డలు కుళ్ళనూ లేదు, మొలవనూ లేదు. చిప్స్ కోసం నిల్వచేసే గడ్డలకు మొలకను ఆపే మందు పట్టిస్తారు. అవి విత్తనంలో కలిస్తే కళ్ళు మొలకెత్తవు, కంటితో చూసి పోల్చనూ లేం. నాకు వచ్చినవి అవేనని నిరూపించలేను. చీటీ ఉంటే అడగడానికి ఒక ఆధారమైనా ఉండేది.

అయ్యా, మేం కోరేది ఇదే. నాటడానికి పదిహేను రోజుల ముందే విత్తనం మా ఊళ్ళకు చేరాలి. ప్రతి సంచికీ చీటీ ఉండాలి. రకం పేరుతో పాటు శీతల గిడ్డంగి నుంచి బయటికి తీసిన తేదీ కూడా దాని మీద ఉండాలి. 30 నుంచి 50 గ్రాముల చిన్న గడ్డలు ఎక్కువగా తెప్పించండి. వాటిని కోయకుండానే నాటవచ్చు, కత్తితో ఒక గడ్డ తెగులు మరో గడ్డకు పాకదు. మొలక కట్టించడానికి మండలానికో షెడ్డు కావాలి. గాలి, వెలుతురు ఆడే రేకుల పందిరైనా సరిపోతుంది.

ఈ అక్టోబరులో మొదటి లారీ దిగే రోజున మీ అధికారులను పంపించి, పది సంచులు విప్పి చూడమనండి.

ఇట్లు,
జహీరాబాద్ ప్రాంత ఆలుగడ్డ రైతు