‘ఈత నిషేధం’ అంటే సరిపోతుందా?

సంపాదకుని గారికి,

ప్రకృతి ఒడిలో విశ్రాంతి అంటూ అతిథులను ఆహ్వానించే రిసార్టుల్లో చాలా వాటికి, ఆ ప్రకృతిలోనే మొసళ్లు, విషసర్పాలు కూడా ఉంటాయని చెప్పడానికి నోరు రాదు. 2016 జూన్‌లో అమెరికాలోని ఫ్లోరిడాలో, డిస్నీ రిసార్టు సరస్సు ఒడ్డున ఉన్న రెండేళ్ల బాలుణ్ణి ఎలిగేటర్ (మొసలిని పోలిన జంతువు) నీటిలోకి లాక్కుపోయి చంపింది. అక్కడ ‘ఈత నిషేధం’ అన్న బోర్డు ఉంది. ఎలిగేటర్ల ప్రస్తావన లేదు. ఎలిగేటర్లు ఉన్నాయన్న హెచ్చరికతో బోర్డులు వెలసింది దుర్ఘటన తరువాతే.

ఈత వద్దంటే లోతు ఎక్కువనో, నీరు మురికిదనో అనుకుంటాం. చీలమండ లోతు నీటిలో నిలబడ్డ పిల్లవాడు ఈదుతున్నాడని ఏ తల్లీ అనుకోదు. ప్రమాదం పేరు చెప్పని హెచ్చరిక యాజమాన్యానికి కోర్టులో అక్కరకొస్తుందేమో గానీ (అదీ అనుమానమే), అతిథిని కాపాడదు. చుట్టుపక్కల ఏ జంతువులు ఏ వేళల్లో తిరుగుతాయో సిబ్బందికి తెలిసినంతగా ఒక రాత్రి బసకు వచ్చినవారికి తెలియదు కనుక, చెప్పవలసిన బాధ్యత తెలిసినవారిదే. చీకటి పడ్డాక నీటి అంచుకు వెళ్లవద్దని, మేత మరిగిన జంతువుకు మనిషంటే బెదురు పోతుంది కాబట్టి వాటికి ఆహారం వేయవద్దని, గది తాళం చేతికిచ్చేటప్పుడే అతిథికి అర్థమయ్యే భాషలో చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు.

ఇట్లు,
ఒక పాఠకుడు