మంచు కురవడం వేరు, మంచు చరియ జారడం వేరు

సంపాదకులకు నమస్కారం.

చలికాలం రాగానే పత్రికల ఆదివారం అనుబంధాల్లో కేదార్‌కంఠ, బ్రహ్మతాల్ వంటి హిమాలయ ట్రెక్కింగ్‌ల మీద రంగురంగుల వ్యాసాలు వస్తుంటాయి. వాటిలో మంచు చరియల ప్రస్తావన దాదాపు ఉండదు. పైగా ఆకాశం నుంచి మంచు కురవడాన్నీ, కొండవాలు మీది మంచు విరిగి జారడాన్నీ వార్తల్లో ఒకే ‘హిమపాతం’గా రాస్తున్నారు. ‘భారీ హిమపాతం’ అన్న శీర్షిక చూసి, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అన్న కొడుకు “చిన్నాయనా, మంచు మస్తుగ పడ్డదట, ఇప్పుడే పోవాలె” అని ఫోన్ చేశాడు. లోపల చదివితే అది చరియ కింద మనుషులు చిక్కుకున్న వార్త. నిజంగా మంచు కురిసినా, కురిసిన తర్వాతి ఒకటి రెండు రోజులే వాలుల మీద ఎక్కువ ప్రమాదకరం.

వాలు ఎందుకు జారుతుందో నల్లగొండ రైతుకు చెప్పడం కష్టం కాదు. కొనుగోలు కేంద్రంలో ధాన్యం రాశి మీద పట్టా కప్పి, దానిపై మరో నాలుగు గంపలు కుమ్మరిస్తే, కాసేపు నిలిచినట్టే ఉండి, ఎవరైనా కాలు మోపగానే పైనున్నదంతా ఒక్కసారిగా కిందికి వస్తుంది. మంచు పొరల మధ్య పట్టులేని పలుచని పొర ఆ పట్టా వంటిదే. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద దాన్ని కదిలించడానికి ఒక్కోసారి ఒక్క మనిషి బరువే చాలు. కాళ్ల కింద మంచు ‘ధబ్’మని కుంగితే వెంటనే ఆ వాలు విడిచి రావాలి.

2022 అక్టోబర్ 4న ఉత్తరకాశీ జిల్లా ద్రౌపదీ కా దండా వద్ద మంచు చరియ కింద శిక్షణలో ఉన్న పర్వతారోహకులే ఇరవై మందికి పైగా చనిపోయారు. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథూలా రోడ్డు పక్కన అట్లాగే ఏడుగురు పర్యాటకులు పోయారు. పూడుకుపోయిన వారిని పావుగంటలోపు తీస్తే చాలామంది బతుకుతారు, అరగంట దాటితే మూడో వంతు మందే మిగులుతారు. అంత తక్కువ సమయంలో బయటి సాయం రాదు కాబట్టి తీయవలసింది తోటివారే. అందుకు ప్రతి ఒక్కరి ఒంటిమీదా సంకేతాలు పంపే ట్రాన్స్‌సీవర్, సంచిలో మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ, పార ఉండాలి. మావాడి అద్దె సామాను చీటీలో బూట్లు, చేతికర్ర, చలికోటు ఉన్నాయి గాని ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. మంచు చరియల సంగతి ట్రెక్ నిర్వాహకులను అడిగితే “మా రూట్‌లో అట్లాంటివి ఉండవు సార్” అన్నారు. దారికి పైన ఏ వాలులు ఉన్నాయని అడిగితే జవాబు రాలేదు.

భువనగిరి గుట్ట మీద తాళ్లు పట్టి బండ ఎక్కడం వస్తే హిమాలయాలకు అదే చాలనుకునే యువకులు మా వైపు ఉన్నారు. అక్కడే నేర్చుకుని 2014లో ఎవరెస్ట్ ఎక్కిన పూర్ణ, ఆనంద్‌లు సైతం డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో విడిగా శిక్షణ పొందాకే బయలుదేరారు.

రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు చెందిన డీజీఆర్‌ఈ హిమాలయ ప్రాంతాలకు మంచు చరియల హెచ్చరికలు ఇస్తుంది. శీతాకాలంలో వాటిని యాత్రా వ్యాసాల పక్కనే ఒక చిన్న పెట్టెలో ప్రచురించాలని, కురిసేదాన్ని ‘హిమపాతం’ అనీ, జారేదాన్ని ‘మంచు చరియ’ అనీ వేరువేరుగా రాయాలని కోరుతున్నాను.

– విశ్రాంత భూగోళ శాస్త్ర ఉపాధ్యాయుడు, నల్లగొండ